మార్చి ఇవ్వని వాగ్దానం

నవంబరు వచ్చిందంటే దేవేంద్రకు కత్తెర పని. కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రతి ఇంటివాళ్లూ పళ్లెంలోంచి ఒక్కో కార్డు తీసుకుంటారు. దాని మీద బైబిల్లోని ఒక మాట ఉంటుంది. అది ఆ ఇంటికి ఆ ఏడాదికి దేవుడిచ్చిన వాగ్దానం. దాన్ని గోడకు అంటించుకుంటారు, అద్దం చట్రంలో దూర్చుకుంటారు, బోరు వేయించే ముందూ పిల్లకు సంబంధం ఖాయం చేసే ముందూ ఒకసారి దాని వైపు చూసుకుంటారు. రాయదుర్గం చుట్టుపక్కల ఉన్న వాళ్ల సంఘాలన్నిటికీ ఆ మాటలు ఏరి ఇచ్చేది దేవేంద్రే. ఏరిన ఒక్కో మాట పదుల కార్డుల మీద అచ్చవుతుంది. గ్రీకూ హీబ్రూ చదివి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి, బైబిలు కాలేజీలో తల నెరిసేదాకా కొత్త నిబంధన చెప్పిన మనిషి ఎదురుగా ఉండగా ఇంకొకరు ఏరడం మర్యాద కాదు కదా.

ఏరడం అనుకున్నంత తేలిక కాదు. యోబు గ్రంథం వైపు పోకూడదు. ప్రవక్తల జోలికి పోతే సగం శాపాలే. వాన గురించిన మాటలు ఎన్ని పెట్టినా చాలవు. ఈ కరువు సీమలో వాన కార్డు వచ్చినవాళ్లను రానివాళ్లు ఏడాది పొడుగునా ఓరకంట చూస్తారు. ఇక మారుమనస్సు పొందమనే కార్డు వచ్చిన ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇది నీకంటే నీకని వాదులాడుకుని, పండగ వాసన పోకముందే కాలేజీ గేటు దగ్గరికి వచ్చి నిలబడతారు, మార్చి ఇమ్మని. దేవేంద్ర ఇప్పటిదాకా ఒక్క కార్డు కూడా మార్చి ఇవ్వలేదు. దేవుడిచ్చింది మార్చడానికి నేనెవర్నని చెప్పి పంపించేస్తాడు. మరి ఏరేటప్పుడు మీరెవరని భార్య సువర్ణ ఒకసారి అడిగింది. సువర్ణ జవాబు కోసం ఆగే మనిషి కాదు, అడిగేసి కూర తిరగమోత పెట్టడానికి పోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన పాత జవాబు పత్రాల వెనక వైపును చీటీలుగా కత్తిరించి, ఒక్కో మాట రాసి, పైకి చదివి, వెనకా ముందూ లేకుండా అది తన కాళ్ల మీద తాను నిలబడుతుందా లేదా అని చూసి మంచం మీద పేరుస్తున్నాడు. వానవి ఒక కుప్ప, ఆరోగ్యానివి ఒక కుప్ప, ఉద్యోగాలవి ఒక కుప్ప. మళ్లీ అవే రాకుండా పోయిన ఏడాది చీటీల డబ్బా కూడా పక్కన పెట్టుకున్నాడు. అందులో ఒక చీటీ చేతికి తగిలింది. చదవకుండానే బోర్లా తిప్పి అడుక్కి నెట్టాడు.

ఆ చీటీ సంగతి ఆయనకు, సువర్ణకు తప్ప ఎవరికీ తెలియదు. మార్కు సువార్త మీద ఆయన రాసిన వ్యాఖ్యానం పోయిన ఏడాది ఈ రోజుల్లోనే సంఘాల అధ్యక్షులు నరసింహులు అయ్యగారి చేతికి పోయింది. ఆ సువార్త చివరనున్న పన్నెండు వచనాలు అన్నిటికన్నా పాత చేతిరాత ప్రతుల్లో కనిపించవు. ఆ చదువు చదివిన వాళ్లందరికీ తెలిసిందే. దేవేంద్ర ఆ మాటే పేజీ అడుగున రెండు వాక్యాల్లో రాశాడు. అయ్యగారు ఆ రెండు వాక్యాల కింద పెన్సిలుతో గీత గీసి, ఇదేమిటి డాక్టర్ గారూ అని మాత్రం అన్నారు. అంతకన్నా అనక్కర్లేదు. మోషే తన చావు సంగతి తానే ఎట్లా రాసుకున్నాడని క్లాసులో పాఠం చెప్తూ అడిగిన తిప్పేస్వామి సారు ఉద్యోగం ఊడి ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకుంటున్నాడు.

దేవేంద్ర ఆ రెండు వాక్యాలూ కొట్టేశాడు. కొట్టేస్తే చాలదేమోనని భయం వేసింది. ఆ పన్నెండు వచనాల్లోంచే ఒకటి ఏరి కార్డుల్లో పెట్టాడు. నమ్మినవాళ్లు పాముల్ని చేత్తో ఎత్తినా, విషం తాగినా వాళ్లకేమీ కాదనే మాట. ఏరిన మాటలు చూసి అయ్యగారు ఆయన భుజం తట్టారు. ఆ రోజు భుజం తేలికపడింది. తర్వాతెప్పుడో అదే భుజం నొప్పి మొదలై ఇప్పటికీ పోలేదు. ఆయనకు దేవుడి మీద అనుమానం ఎన్నడూ లేదు. శిలువా, సమాధీ, మూడో రోజూ ఆయనకు తెల్లవారడమంత నిజం. ఉన్న భయమంతా అధ్యక్షుల మీదే. వ్యాఖ్యానం క్రిస్మస్‌కు అచ్చయి వస్తుంది. ఉంటున్న ఇల్లు కాలేజీది.

ఫోను మోగింది. అక్క కొడుకు ఎర్రన్న, గుమ్మఘట్ట అవతల పల్లెలో ఆటో నడుపుకునేవాడు.

"మామా, అమ్మకు పురుగు ముట్టిండాది. చెనిక్కాయ కుప్ప ఎత్తుతాంటే. రక్తపింజరి."

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. ఒళ్లోని చీటీలు కింద పడ్డాయి. ఆసుపత్రికి తీసుకుపోయినారా అని అడిగాడు.

"రానంటాండాది మామా. పొద్దున్నుంచి ప్రార్థన చేస్తాండారు. మా మాట ఎవురిదీ వినేల్యా. నువ్వొస్తే వింటదేమో."

"ఎందుకు రానంటాంది?"

"అమ్మకు ఆ కార్డే కదా మామా వచ్చిండేది" అన్నాడు ఎర్రన్న.

సువర్ణ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఏ కార్డని అడగలేదు. స్కూటరు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకునే కింద పడ్డ చీటీలు ఏరబోయాడు. ఆమె తాళంచెవి వెనక్కి లాక్కుని తనే బండి స్టార్టు చేసింది.

"వెనక కూచోండి" అంది. "ఆడ పోయి ఏం చెప్పాలో దోవలో ఆలోచించుకోండి. వ్యాఖ్యానం చెప్పేంత టైము లేదు."

అక్కమ్మ ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. చావు ఇంటి ముందే దేవేంద్ర అన్ని చెప్పులు చూశాడు. లోపల్నుంచి పాట వినపడుతోంది, ఏడుపు కాదు. ఆ తేడా పట్టుకోవడానికి ఆయనకు గడప దాకా పట్టింది.

అక్క చాప మీద గోడకానుకుని ఉంది. ఎడమ కాలు మోకాలి దాకా ఉబ్బి, చర్మం సాగి, సొరకాయలా నిగనిగలాడుతోంది. మడమ పైన రెండు గాట్లు, వాటి చుట్టూ నల్లగా కమిలిన మచ్చ. ఆమె కొంగు అంచుతో పెదాలు తుడుచుకుంటోంది. తుడిచినప్పుడల్లా అంచు ఎర్రగా అవుతోంది. కాళ్ల దగ్గర పక్కింటి రామలక్ష్మమ్మ కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. పొద్దున ఇద్దరూ కలిసే పీకిన వేరుశనగ చెట్లు కుప్ప వేస్తున్నారు. ఆమె జాకెట్టు నిండా ఇంకా ఎర్రమట్టే.

పాస్టరు రవికుమార్ మోకాళ్ల మీంచి లేచాడు. దేవేంద్ర దగ్గర చదువుకున్నవాడే. ముఖంలో బరువు దించుకున్నవాడి సంతోషం కనిపించింది.

"వందనాలు సార్. మీరొచ్చినారు, ఇంక భయం లేదు" అన్నాడు. ఆడవాళ్లు పాట ఆపి డాక్టరయ్యకు దోవ ఇచ్చారు. ఆ ఊళ్లో ఆయన్ని అందరూ అట్లాగే పిలుస్తారు. ఏ రోగానికి డాక్టరో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గోడ మీద క్యాలెండరు పక్కన కార్డు ఉంది. తడి తగలకుండా పైన ప్లాస్టిక్ కాగితం అంటించారు. దేవేంద్ర దాని వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు.

"అక్కా, లే. ఆసుపత్రికి పోదాం."

"ఎందుకప్పా?" అంది అక్కమ్మ. నాలుక మందమై మాట ముద్దముద్దగా వస్తోంది. "దేవుడు మాట ఇచ్చినాడు కదా. నువ్వు ఏరి పంపిచ్చిన మాటే. దాన్నే పట్టుకోని ఉండా."

దేవేంద్ర దోవలో ఆలోచించుకున్నదంతా బయటకు తీశాడు. లూకా వైద్యుడే కదా అన్నాడు. పౌలు తిమోతికి కడుపు నొప్పికి మందు చెప్పలేదా అన్నాడు. దేవుడు ఆసుపత్రి ద్వారా కూడా పని చేస్తాడన్నాడు. తన గొంతు తనకే కాలేజీ గంట కొట్టాక కూడా ఆగని పాఠంలా వినిపించింది.

రవికుమార్ మర్యాదగానే అడ్డం వచ్చాడు. "మామూలు జబ్బుకైతే సరే సార్. ఇది ప్రత్యేకంగా పాము గురించే ఇచ్చిన వాగ్దానం. ఇప్పుడు బండెక్కిస్తే అబద్ధమనుకున్నట్టే కదా. లేఖనంలో ఒక్క పొల్లు కూడా వృథా పోదని మీరే చెప్పినారు సార్, రెండో సంవత్సరంలో."

అందరూ దేవేంద్ర వైపు చూశారు. రవికుమార్ చెడ్డవాడు కాదు. అతని కళ్లలోనూ భయమే ఉంది. సారు చెప్పిన పాఠమే తాను సారుకు అప్పజెప్తున్నానని, ఇందులో తప్పెక్కడ ఉందో సారే చూపించాలని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. అది చూపించాలంటే ఒక్క వాక్యం చాలు. పేజీ అడుగున రాసి, కొట్టేసిన వాక్యం. ఈ గదిలో అంటే పొద్దుగూకేలోపు అది నరసింహులు అయ్యగారి ఇంట్లో ఉంటుంది. క్రిస్మస్‌కు పుస్తకం ఉండదు, ఉగాదికి ఇల్లు ఉండదు.

అక్క మళ్లీ పెదాలు తుడుచుకుంది. కొంగులో తెల్లగా ఉన్న చోటు ఇంక మిగల్లేదు.

దేవేంద్ర చాప మీద మోకాళ్లూని కూర్చున్నాడు. ప్రార్థన చేస్తాడనుకుని అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. సువర్ణ మాత్రం మూసుకోలేదు. ఆయన అక్క చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అక్కా. ఆ మాట పాత ప్రతుల్లో లేదు. ఎవురో ఎనక చేర్చినారు. నాకు తెలుసు. తెలిసీ కార్డులో పెట్టినా. అయ్యగారికి భయపడి పెట్టినా. అది దేవుడు నీకిచ్చింది కాదు, నేనిచ్చింది. లే అక్కా, నీకు దండం పెడతా."

అక్కమ్మ మెడ తిప్పి ఆయన ముఖం చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది. ఆ చూపులో కోపం కోసం వెతికాడు, దొరకలేదు. తర్వాత ఆమె తమ్ముడి భుజం మీద, సరిగ్గా ఆ నొప్పి భుజం మీద, చెయ్యి మోపి లేవబోయింది.

"ఎర్రన్నా, బండి తియ్యి" అంది.

గదిలో పెద్ద నిట్టూర్పు లేచింది. ఎవరో స్తోత్రం అన్నారు. రవికుమార్ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. సారు చెవిలో ఏం ప్రార్థన చేశారోనని అతను పక్కవాళ్లతో అనడం దేవేంద్రకు వినిపించింది. ఆయన దాన్ని దిద్దలేదు. అక్కను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టే పని చేతినిండా ఉందని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న పిల్లలా ఉంది. కాలు చూసింది, చిగుళ్లు చూసింది. పొద్దున కరిస్తే ఇప్పుడా తెచ్చేదని ఎర్రన్నను కేకలేసింది. ఎర్రన్న ఏం చెప్పాలో తోచక మామ వైపు చెయ్యి చూపించి, డాక్టరు గారొచ్చినాక తెచ్చినామన్నాడు. ఆమె దేవేంద్ర వైపు తిరిగి, మీరు డాక్టరై ఉండి ఇంత ఆలస్యం చేస్తారా అని అడిగింది.

"ఆ డాక్టర్ని కాదమ్మా" అన్నాడు దేవేంద్ర. ఆమె ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

అక్క చేతి నుంచి కాస్త రక్తం తీసి, చిన్న గాజు గొట్టంలో పోసి, కిటికీ గట్టు మీద నిలబెట్టింది. ఎవరూ కదపకూడదంది. గడ్డ కడితే మంచిది, కట్టకపోతే విషం రక్తంలో బాగా కలిసినట్టు. దేవేంద్ర ఆ గొట్టం ముందు నిలబడ్డాడు. మసకబారిన పాత ప్రతుల ఫోటోల్లో ఒక్కో అక్షరాన్నీ భూతద్దం పెట్టి చూసే అలవాటున్న కళ్లు అవి. ఇప్పుడు చూడాల్సింది ఒకే సంగతి. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. వదిన తల ఒళ్లో పెట్టుకుని సువర్ణ ఆమె పెదాలకు దూది అద్దుతోంది.

డాక్టరమ్మ వచ్చి గొట్టాన్ని మెల్లిగా వంచింది. రక్తం నీళ్లలా జారి అంచుదాకా వచ్చింది. ఆమె వడివడిగా లోపలికి పోయి నర్సును కేకేసింది. విరుగుడు మందు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి విప్పి సెలైన్లో కలిపారు. మందు కూడా ఒక్కోసారి పడదు, అందరూ బయట ఉండండన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆ ఆలోచన వచ్చింది. పిలవకుండానే వచ్చి పక్కన కూర్చుంది. అక్కకు ఏదన్నా అయితే, చెవిలో చెప్పిన మాట ఆమెతోనే పోతుంది. ఎవరికీ తెలియదు. ఆ ఊహ నిలిచింది రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే తనకు గుండె కుదుటపడినట్టు అనిపించిందని దేవేంద్ర గమనించాడు. రక్తపింజరిని తలుచుకుంటే వేసిన భయం, అయ్యగారిని తలుచుకుంటే వేసే భయం, రెండూ ఇప్పుడు చిన్నవైపోయాయి. తన లోపల ఇట్లాంటిది చుట్ట చుట్టుకుని పడుకుని ఉందని ఇన్నేళ్లలో ఆయనకు తెలియదు. లేచి పోయి పంపు కింద ముఖం కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

దీపాలు పెట్టే వేళకు మళ్లీ రక్తం తీసి నిలబెట్టి, రెండోసారి గొట్టం వంచారు. రక్తం కదల్లేదు. గొట్టాన్ని తలకిందులు చేసినా అడుగునే అంటిపెట్టుకుని ఉంది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. దేవేంద్ర గోడకు ముఖం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

సువర్ణ ఆయన వెనక వచ్చి నిలబడింది. "ఆమె బతికినందుకా, చెవిలో విన్నది ఇక నలుగురికీ చెప్తుందనా?" అని అడిగింది, మెల్లిగానే. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ముఖం చదవడానికి ఆమెకు ఏ భూతద్దమూ అవసరం పడలేదు.

మర్నాడు నరసింహులు అయ్యగారే ఫోను చేశారు. ఊళ్లో జరిగింది రవికుమార్ చెప్పగా విన్నారట. పేర్లు చూస్తే నరసింహులు, దేవేంద్ర అని గుడి ధర్మకర్తల్లా ఉంటారు గానీ ఇద్దరూ తాతల నాటి క్రైస్తవులే. అయ్యగారి గొంతులో ఎన్నడూ లేని ఆప్యాయత ఉంది. మీరు చెవిలో ప్రార్థించగానే ఆమె లేచి నడిచిందట కదా అన్నారు. దేవేంద్ర, ఆసుపత్రిలో మందు చాలా ఎక్కించారని అనబోయాడు. అవును, అవును, అదంతా మామూలే అన్నారు అయ్యగారు. పాము కరిచింది, హాని జరగలేదు, వాగ్దానం అక్షరాలా నెరవేరింది. ఆదివారం ఆ పల్లెలోనే కృతజ్ఞతా కూడిక పెడదాం, నేను వస్తాను, మీ అక్కగారి చేత సాక్ష్యం చెప్పిద్దాం. వ్యాఖ్యానానికి ముందుమాట కూడా నేనే రాస్తున్నా, ఈ సంగతి తోనే మొదలుపెడతా.

ఫోను పెట్టేశాక దేవేంద్ర ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. ఏ వాక్యం కొట్టేసి తప్పించుకున్నాడో ఆ వాక్యం మీద ఇప్పుడు పందిరి వేస్తున్నారు. తను చేయాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవాల్సింది మాత్రం తనొక్కడే కాదు.

వార్డులో అక్కమ్మ కాలు కింద దిండు పెట్టుకుని రాగిముద్ద తింటోంది. వాపు కాస్త దిగింది. పక్క మంచం ఆమెతో పేర్లూ ఊర్లూ అప్పుడే కలిపేసుకుంది. దేవేంద్ర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముద్ద మెత్తగా ఉందా అన్నాడు. చారు చాలా అన్నాడు. తర్వాత ఇటూ అటూ చూశాడు.

"అక్కా, నిన్న నీ చెవిలో చెప్పింది..."

"ఊఁ."

"ఎవురితోనన్నా అంటివా?"

"అడిగినోళ్లు లేరప్పా."

"ఆదివారం అడుగుతారేమో. సాక్ష్యం చెప్పమంటారేమో."

అక్కమ్మ ముద్ద తుంచి, చారులో అద్ది, మింగింది. "చెప్పమంటే చెప్తాం" అంది. "చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు. అదే కదా సాక్ష్యమంటే. నువ్వే గదా నేర్పిచ్చింది, సండే స్కూల్లో." ఇంకో ముద్ద తుంచుతూ తమ్ముడి ముఖం చూసి ఆగింది. "ఏమప్పా, నువ్వు తిన్యావా?"

చెప్పొద్దని అనడానికి నోరు తెరిచాడు. కిటికీ గట్టు మీద ఆ గాజు గొట్టం ఇంకా అక్కడే ఉంది, ఖాళీగా. తిన్నానని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాడు.

శనివారమంతా ఆయన చీటీల ముందు కూర్చున్నాడు. ఒక్కటి కూడా రాయలేదు. ఏ మాట చూసినా దాన్ని నమ్ముకుని ఎవరు ఎక్కడ పడుకుంటారోనని భయం వేసింది. వాన మాటలు నమ్మి ఎవరన్నా అప్పు చేసి బోరు వేశారేమో. సువర్ణ ఇల్లు ఊడుస్తూ మంచం కింద దొరికిన చీటీలన్నీ ఏరి ఆయన పక్కన పెట్టింది. సామాను సర్దుకోవాల్సి వస్తే పుస్తకాలకే నాలుగు ఆటోలు పడతాయని, ఎర్రన్న మేనమామ ముఖం చూసి బాడుగ తగ్గిస్తాడో లేదోనని పైకి అనుకుంది. అనుకున్నది భయంతో కాదు, లెక్క కోసం అన్నట్టుగా అనుకుంది. ఆయన దాని నిండా భయమే విన్నాడు.

ఆదివారం చర్చి ముందు షామియానా వేశారు. మూడు సంఘాల వాళ్లు వచ్చారు. నరసింహులు అయ్యగారు తెల్ల అంగీలో కుర్చీ నిండా కూర్చున్నారు. పక్క కుర్చీ డాక్టర్ గారికి. ఆ కుర్చీలో కూర్చుని దేవేంద్ర ఒళ్లో బైబిలు పెట్టుకున్నాడు. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో సువర్ణ. ఆమె ఆయన వైపు చూడటం లేదు.

అయ్యగారు ఆ వచనం చదివించారు. దాని మీద మాట్లాడారు. ఈ రోజుల్లో చదువు ఎక్కువై లేఖనాల్లో ఇది ఉంది, అది లేదు అనే పండితులు కొందరు తయారయ్యారని, మన డాక్టర్ గారు అట్లాంటివారు కాదని, వారి ప్రార్థనతోనే ఈ అద్భుతం జరిగిందని అన్నారు. చప్పట్లు కొట్టారు. దేవేంద్ర తల వంచుకున్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకు అది వినయంలాగే ఉండి ఉంటుంది.

ఎర్రన్న తల్లిని నడిపించుకుని వచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. రవికుమార్ మైకు పట్టుకున్నాడు.

"అందురికీ వందనాలు" అంది అక్కమ్మ. మైకులో తన గొంతు విని ఒకసారి ఉలిక్కిపడి, సర్దుకుంది. "పురుగు ముట్టినాక నేను భయపడల్యా. దేవుడు మాట ఇచ్చినాడు కదా అని పండుకుంటి. కాలు ఉబ్బె. నోట్లో నెత్తురు వచ్చె. అప్పుడు భయమాయె. సచ్చిపోతానని కాదు. దేవుడు మాట తప్పుతాండాడే అని. ఇన్నేండ్లు నమ్మినోడు మాట తప్పితే నేను యాడికి పోవాల? ఆ భయం మీకు చెప్పలేను. పాము భయం దానిముందర ఏం భయం."

దేవేంద్రకు ఏం రాబోతోందో తెలుసు. లేచి పోవచ్చు. దగ్గు వచ్చినట్టు చేయవచ్చు. కూర్చునే ఉండిపోయాడు.

"అప్పుడు మా తమ్ముడు వచ్చి చెవిలో చెప్పినాడు. అక్కా, ఆ మాట పాత పుస్తకాల్లో లేదు, ఎవురో ఎనక చేర్చినారు, నేనే అయ్యగారికి భయపడి కార్డులో పెట్టినానని. ఆ మాట వింటానే నాకు మనసు నిమ్మళమాయె. దేవుడు మాట తప్పల్యా. తప్పింది మా తమ్ముడే. తమ్ముడు తప్పితే ఏముండాది, చిన్నప్పట్నుంచీ పిరికోడే. అందుకే లేచి బండి తియ్యమంటి. దేవునికి స్తోత్రం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. రవికుమార్ మైకు వెనక్కి తీసుకోవడం మర్చిపోయి అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. నరసింహులు అయ్యగారి ముఖంలో రంగు కాసేపు ఎటు పోవాలో తెలియక నిలిచింది. తర్వాత ఆయన చిరునవ్వు నవ్వారు. పెద్దమనిషి, కూడికలు నడిపి నడిపి ఆరితేరినవారు.

"విషం తలకెక్కినప్పుడు చెప్పినదొకటి, వినేదొకటి అవుతుంది" అన్నారు అందరితో. తర్వాత దేవేంద్ర వైపు తిరిగారు. మైకు ఆయన ముందుకు జరిపారు. "అంతేనా, డాక్టర్ గారూ?"

అంత దయగా అడిగారు. అవునని కూడా అనక్కర్లేదు, తల ఊపితే చాలు. పుస్తకం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, ముందుమాట ఉంటుంది. అక్క కూడా ఏమీ అనుకోదు, పిరికోడని ముందే చెప్పేసింది కదా. తన తల కదలబోతోందో లేదో దేవేంద్రకే తెలియలేదు.

ఆడవాళ్ల మధ్యలోంచి రామలక్ష్మమ్మ లేచి నిలబడింది. కూడికల్లో ఆమె గొంతు పాటలో తప్ప ఎవరూ విన్నది లేదు. చేతిలో ఏదో పట్టుకుని ఉంది. నలిగి, మూలలు మడతపడిన కార్డు.

"డాక్టరయ్యా, నాకూ అదే కార్డు వచ్చిండాది" అంది. అయ్యగారి వైపు చూడలేదు. "మా చేన్లో చెనిక్కాయ ఇంకా సగం పీకేదుండాది. రేపు పొద్దున పోవాల. నాలుగు దినాలుగా నిద్ర లేదు నాకు. ఒకేళ నన్ను ముడితే, నేను ఆసుపత్రికి పోవచ్చునా, పోగూడదా? అది చెప్పు. పాత పుస్తకాలు గిస్తకాలు నాకు తెలీవు."

షామియానా గుడ్డ గాలికి టపటప కొట్టుకుంది. దేవేంద్ర ఆమె కాళ్ల వైపు చూశాడు. మట్టి పగుళ్లు, వెండి మెట్టెలు, ఉత్త పాదాలు. రేపు పొద్దున ఆ పాదాలే కుప్పల మధ్య నడుస్తాయి.

"పోవాలమ్మా" అన్నాడు. మైకు ఆ మాటను షామియానా చివరిదాకా వినిపించింది. "ముట్టిన ఎంటనే పోవాల. ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు."

రామలక్ష్మమ్మ ఊపిరి వదిలింది. ఆమె ఒక్కతే కాదు. షామియానా కింద అక్కడొకరు, ఇక్కడొకరు భుజాలు దించడం దేవేంద్రకు కనిపించింది. ఆ కార్డు ఎన్ని ఇళ్లకు పోయిందో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఇంతమంది ఇన్ని నెలలుగా దాన్ని గోడకు పెట్టుకుని, దాని కింద భయపడుతూ పడుకున్నారు. తనకు అయ్యగారి భయం, వాళ్లకు తన భయం.

పక్కన నరసింహులు అయ్యగారు బైబిలు మూశారు. చప్పుడు పెద్దగా రాలేదు. రేపు కాలేజీకి వచ్చి కలవమని మెల్లిగా అన్నారు. దేవేంద్ర సరేనన్నాడు. భయం ఎక్కడికీ పోలేదు, ఉన్న చోటే ఉంది. కాకపోతే ఇప్పుడది మామూలు భయంలా ఉంది, అద్దె ఇల్లు వెతుక్కోవాల్సిన మనిషికి ఉండే భయం.

రామలక్ష్మమ్మ కూర్చోలేదు. అందర్నీ దాటుకుని ముందుకు వచ్చి ఆయన కుర్చీ ఎదుట నిలబడి, కార్డు చాపింది.

"అయితే దీన్ని మార్చిస్తావా?" అని అడిగింది.

వెనక ఇంకొకామె కొంగు ముడి విప్పుకుంటూ లేచింది. మగవాళ్ల వైపు ఎవరో చొక్కా జేబు తడుముకున్నారు. దేవేంద్ర ఒళ్లోని బైబిలు పక్కన పెట్టి, చెయ్యి చాపాడు.